ముందు ఓటు, తర్వాతే ర్యాలీలు

చిరంజీవి శ్రీనుకి, ఆశీస్సులు.

డల్లాస్‌లో ఉంటూనే మన ఊరి రాజకీయాల్లో తిరగాలని ఉందన్నావు. తిరుగు. కానీ కార్ల ర్యాలీలకంటే ముందు ఓటరు జాబితాలో నీ పేరు సంగతి చూసుకో.

నీది ఇంకా ఇండియా పాస్‌పోర్టే కాబట్టి ఓటు హక్కుంది. 2011 నుంచి ప్రవాసులకు ఫారం 6ఏ ఉంది. ఊళ్లోవాళ్లు నింపే ఫారం 6 జోలికి పోకు. ఊళ్లోనే కాపురముంటున్నానని అబద్ధం రాసిస్తే ఏడాది దాకా జైలో, జరిమానానో, రెండూనో. పాత ఓటరు కార్డుంటే తిరిగిచ్చెయ్యి. ప్రవాస ఓటరుకి కార్డివ్వరు, బూత్‌లో ఒరిజినల్ పాస్‌పోర్టే చూపించాలి.

6ఏ ఎన్నికల సంఘం పోర్టల్లోనే పెట్టొచ్చు. కలర్ ఫొటో ఒకటి కావాలి. పాస్‌పోర్టులో నీ ఫొటో ఉన్న పేజీ, ఇండియా చిరునామా పేజీ, వీసా పేజీ జత చెయ్యాలి. పోస్టులో పంపితే ప్రతి కాపీ మీదా సంతకం పెట్టు. చాలామంది బోల్తా పడేది చిరునామా దగ్గరే. పాస్‌పోర్టులో ఏ ఊరుంటే ఆ నియోజకవర్గంలోనే పేరు చేరుస్తారు. చదువుకునేటప్పటి హైదరాబాదు అద్దె ఇంటి అడ్రసే అందులో ఉండిపోతే, నీ ఓటు మన ఊరికి రాదు. రెన్యువల్ చేయించేటప్పుడే ఇది సరిచూసుకో.

దరఖాస్తు పెట్టాక బీఎల్‌వో, అంటే బూత్ స్థాయి అధికారి, మీ ఇంటికొస్తుంది. మనవైపు అంగన్‌వాడీ టీచరో, సచివాలయం ఉద్యోగో అయ్యుంటుంది. "మీవాడెక్కడ?" అంటే మీ నాన్న "అమెరికాలో" అని ఊరుకోకూడదు. 6ఏ పెట్టాడని చెప్పి కాపీలు చూపించాలి. ధ్రువీకరించడానికి ఇంట్లో ఎవరూ లేకపోతే ఆ కాగితాలు అక్కడి మన దౌత్య కార్యాలయానికి వెళ్తాయి, ఆలస్యమవుతుంది. నామినేషన్ల గడువు దాటాక ఇక పేరు చేర్చరు.

ఓటు మాత్రం స్వయంగా వచ్చి వెయ్యాల్సిందే. పోస్టల్ బ్యాలెట్ లేదు. మన బదులు వేరేవాళ్లు ఓటేసే ప్రాక్సీ బిల్లు 2018లో లోక్‌సభ దాటింది గానీ, 2019లో ఆ సభ రద్దవడంతో మురిగిపోయింది. టికెట్టు ఖర్చు లెక్కేసుకో.

ఇక చందాలు. నీ సొంత పొదుపులోంచి, బ్యాంకు ద్వారా పార్టీకిస్తే అది విదేశీ విరాళం కిందికి రాదు. గ్రీన్‌కార్డున్నా ఫర్వాలేదు, పౌరసత్వం మారితేనే కుదరదు. విదేశీ పౌరసత్వం తీసుకుని, మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు మీదున్న మీ స్నేహితుడికి ఓటూ లేదు, చందా ఇచ్చే వీలూ లేదు. అందుకే పదిమంది దగ్గర వసూలు చేసి నీ ఖాతాలోంచి పంపే పని అస్సలు పెట్టుకోకు. అందులో ఒక్క అమెరికా పౌరుడి డబ్బు కలిసినా చిక్కే. ఎవరిది వాళ్లే పంపి రసీదు తీసుకోవాలి. ఇక్కడికొచ్చినప్పుడు నగదిస్తానంటావేమో, 2,000 రూపాయలు దాటి పార్టీలు నగదు తీసుకోకూడదు.

పోటీ ఆలోచనుంటే పౌరసత్వం వదులుకోకు. వేములవాడ మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేశ్ జర్మనీ పౌరుడేనని తెలంగాణ హైకోర్టు 2024 డిసెంబరులో తేల్చి, 30 లక్షలు కట్టమంది.

దుబాయ్‌లో ఉన్న మీ బావకి కూడా చెప్పు. అక్కడ అనుమతి లేకుండా చందాలు పోగెయ్యడమే నేరం.

పాస్‌పోర్టు కాపీలు మీ నాన్నకి వాట్సాప్‌లో పెట్టి ఊరుకోకు. ఆయన ఫోన్లో వెతుక్కోలేడు. నాకు పంపితే ప్రింటు తీయించి బీరువాలో పెట్టిస్తాను.

మీ బాబాయి