తాతలనాటి లోగిలి, మే నెల గోదావరి

ప్రశ్న: పిల్లల వేసవి సెలవులకు కోనసీమలో గోదావరి పాయ వశిష్ఠ గట్టున ఉన్న ఒక పాత మండువా లోగిలిని వారం రోజులకు అద్దెకు తీసుకుందామనుకుంటున్నాం. మొత్తం పదకొండు మందిమి. మా అత్తగారికి 78 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఇల్లు నలుగురు అన్నదమ్ములదట, వారిలో ఒకరి అబ్బాయి మాతో ఫోనులో మాట్లాడుతున్నాడు. ఫొటోలు చాలా బాగున్నాయి. సగం డబ్బు ముందే పంపమంటున్నాడు, పంపవచ్చా? పిల్లలు నదిలో ఈత కొట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, డబ్బు ఇప్పుడే పంపకండి. ఆ ఫొటోలు ఏ నెలలో తీశారో ముందు అడగండి. గట్టు అంచుదాకా ఎర్రనీళ్లు కనిపిస్తుంటే అవి వానాకాలంలో తీసినవి. మే నెలలో మీకు కనిపించే గోదావరి వేరు. ధవళేశ్వరం ఆనకట్ట దాటి దిగువకు వచ్చే నీరు వేసవిలో బాగా తగ్గిపోతుంది. ఆనకట్టకు దగ్గరి లంకల్లో ఇసుక తిన్నెల మీద చాలా దూరం నడిస్తే గాని పాయ అందదు. దిండి, చించినాడ వైపు వశిష్ఠ నిండుగానే ఉంటుంది గాని అది సముద్రపు పోటు చలవ, నీళ్లు ఉప్పగా ఉంటాయి. పోటు ఎక్కితే రేవు మెట్లు మునుగుతాయి, పాటు తీస్తే బురద తేలుతుంది. పంట కాలువలు కూడా వేసవిలో కట్టేసి, జూన్‌లో గాని వదలరు. కాబట్టి ఇల్లు ఏ ఊళ్లో ఉందో తెలియకుండా ‘నది ఒడ్డు ఇల్లు’ అన్న మాటకు అద్దె కట్టకండి.

ఈత వద్దు. మోకాలి లోతే కదా అని దిగినచోట, నాలుగు అడుగుల అవతల ఇసుక తవ్విన గొయ్యి మనిషిని మించి ఉండవచ్చు. ప్రతి వేసవీ పేపర్లలో ఈ వార్త చదువుతూనే ఉన్నాం. పెరట్లో నూతి పక్కన గాబు ఉంటే నింపి పెట్టించండి, పిల్లలకు అది చాలు. నది సరదా తీరాలంటే నరసాపురం దాకా రైల్లో వెళ్లి, సఖినేటిపల్లి రేవుకు పంటు (జనాన్ని, బండ్లను దాటించే పెద్ద పడవ) ఎక్కి గోదావరి దాటండి. దిండిలో పడవ షికారు ఉంది, లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ మాత్రం ఎక్కకండి.

ఇక మీ అత్తగారి సంగతి. నాకు అన్నిటికంటే పెద్ద బెంగ ఇదే. మండువా ఇళ్లు చూడముచ్చటగా ఉంటాయి. నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలి, నడిమధ్య ఆకాశం కనబడుతుంది. అయితే మండువాలోకి దిగడానికి మెట్టు, ప్రతి గదికీ ఎత్తైన గడప, తల వంచితే గాని పట్టని ద్వారబంధం. మరుగుదొడ్డి చాలా ఇళ్లలో పెరటి చివరే ఉంటుంది. ఆవిడ పడుకునే మంచం దగ్గర మొదలుపెట్టి మరుగుదొడ్డి దాకా, చీకటి పడ్డాక, నడుస్తూ వీడియో తీసి పంపమని ఆ అబ్బాయిని అడగండి. ఎన్ని గడపలో, ఎక్కడ దీపం లేదో, పాచి పట్టిన గచ్చు ఎక్కడుందో మీకే తెలుస్తుంది. పంపకపోతే ఆ ఇల్లు మీకు వద్దు.

ఏసీ ఉందంటే ఏ గదిలో అని అడగండి. మండువా చుట్టూ ఉన్న వసారాను ఏ ఏసీ చల్లబరచలేదు. కోనసీమలో ఎండకంటే ఉక్క ఎక్కువ బాధిస్తుంది. కరెంటు పోతే ఫ్యాన్లకు ఇన్వర్టరు ఉందో లేదో కూడా కనుక్కోండి.

దొడ్డిలో కొబ్బరిచెట్లు ఉంటే మీరు వెళ్లేలోగా కాయలు దింపు తీయించమనండి. ఈ సలహా ఇస్తే అందరూ నవ్వుతారు. మా మేనమామగారి దొడ్డిలో చెట్టుకింద నవారు మంచం మీద కాయ పడి నవారు తెగిపోయింది, అప్పుడే ఆయన మంచినీళ్లకని లేచి లోపలికి వెళ్లారు. అందుకే నవ్వినా చెబుతాను.

నలుగురు అన్నదమ్ములన్నారు. పంపకాలు అయ్యాయా? కాకపోతే ఆ ఇంటి మీద నలుగురికీ హక్కు ఉంటుంది. మీ పిల్లల సెలవులే వాళ్ల మనవల సెలవులు కూడా. మీరు దిగిన మూడో రోజున రెండో ఆయన కుటుంబం మామిడిపళ్ల బుట్టతో దిగితే మీరేం చేస్తారు? నలుగురి సమ్మతీ వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. వారం రోజుల అద్దెకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, మామూలు కాగితం చాలు. తేదీలు, అడ్వాన్సు, రాకపోతే ఎంత తిరిగిస్తారు, ఏయే గదులకు తాళం వేసి ఉంటుంది, దేవుడి గది ఎవరు చూసుకుంటారు, ఇంట్లో నీసు (చేపలు, మాంసం) వండుకోవచ్చా – ఇవన్నీ అందులో ఉండాలి. నీసు సంగతి అడగడానికి మొహమాటపడకండి, తగవులు ఎక్కువగా వచ్చేది అక్కడే. ఇవన్నీ తేలాక, మీ ఇంట్లో ఒకరు వెళ్లి ఇల్లు చూసి వచ్చాక డబ్బు పంపండి.

నిండు గోదావరే కావాలంటే దసరా సెలవులకు వెళ్లండి, వానకు మాత్రం సిద్ధపడాలి. సంక్రాంతికి అడగకండి, ఆ నలుగురూ అక్కడే ఉంటారు.

ప్రశ్న: మేము మే నెలలో అంతర్వేది వెళ్తున్నాం. పులస దొరుకుతుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: దొరకదండీ. గోదావరికి వరద నీరు వచ్చాకే ఆ చేప సముద్రంలోంచి ఎదురీదుతూ పైకి వస్తుంది. మేలో పులస అని ఎవరైనా చూపిస్తే దండం పెట్టి ముందుకు సాగండి. ముంజలు తినండి, కొత్తపల్లి కొబ్బరి మామిడి తినండి.