అమ్మాయిని ట్రైల్ మీదికి పంపండి, గంటలు లెక్కపెట్టకండి

ప్రశ్న: మేం సియాటెల్ పక్కన సమామిష్‌లో ఉంటాం. మా అమ్మాయి లెవెంత్ గ్రేడ్, పుట్టింది ఇక్కడే. ఈ సమ్మర్‌లో పేరున్న యూనివర్సిటీ ప్రీ-కాలేజ్ ప్రోగ్రామ్‌కి ఫీజు కడతామంటే వద్దంటోంది. శని, ఆదివారాలు ఆల్పైన్ లేక్స్ విల్డర్‌నెస్ అనే రక్షిత అడవిలో ట్రైల్ (కొండదారి) అంబాసిడర్‌గా వలంటీరింగ్ చేస్తుందట. కంప్యూటర్ సైన్స్ అప్లికేషన్‌కి ఈ రెంటిలో ఏది మేలు? ఎన్ని గంటలు చేస్తే లెక్కలోకి వస్తుంది? అడవిలోకి పంపడం క్షేమమేనా?

జవాబు: అమ్మా, ఈ ఉత్తరం నాకు ఏటా ఈ రోజుల్లోనే వస్తుంది. ప్రోగ్రామ్ పేరు మారుతుంది, భయం మాత్రం అదే. తెలిసినవాళ్ల పిల్లలందరూ ఏదో రిసెర్చ్ చేస్తున్నారు, మన పిల్ల వెనకబడిపోతుందేమోనని. వెనకబడదు. తనకేం కావాలో పదహారేళ్లకే నోరు తెరిచి చెప్పగలిగిన పిల్ల గురించి నాకు దిగులు లేదు.

ముందు ఆ ఫీజు ప్రోగ్రామ్ సంగతి. పరీక్ష పెట్టి, కొద్దిమందినే ఎంచుకుని, ఉచితంగా చదువు చెప్పే సమ్మర్ ప్రోగ్రాములు వేరు. డబ్బు కట్టగలిగిన వాళ్లందరికీ సీటిచ్చేవి వేరు. రెండో రకంలో యూనివర్సిటీ క్యాంపస్‌ని అద్దెకు తీసుకుని బయటి సంస్థలు నడిపేవి కూడా ఉన్నాయి. అందులో చేరినంత మాత్రాన ఆ యూనివర్సిటీలో సీటు దగ్గరవదు. ఈమధ్య డబ్బు తీసుకుని స్కూల్ పిల్లల పేరు మీద రిసెర్చ్ పేపర్ వేయించే బేరాలూ మొదలయ్యాయి. ఆ పేపర్ గురించి పిల్లవాణ్ణి రెండు ప్రశ్నలడిగితే మూడోదానికి తలదించుకుంటాడు. అలాంటి పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూశాను, మనసు చివుక్కుమంటుంది. ఆ తలదించుకోవడానికి కారణం వాళ్లు కాదు, మనం.

ఇక ట్రైల్ అంబాసిడర్ అంటే ఏమిటో మీరు అమ్మాయిని అడిగారా? ఉత్తరంలో గంటల గురించి ఉంది, అప్లికేషన్ గురించి ఉంది. ఆ పిల్ల అక్కడ ఏం చేస్తుందో ఒక్క వాక్యం లేదు. కటువుగా చెప్తున్నానని అనుకోకండి, అది అడగాల్సింది మీరే.

నేను చెప్తాను. 1964 విల్డర్‌నెస్ చట్టం కింద కాపాడుతున్న అడవుల్లో మోటారు బండ్లు తిరగకూడదు, సైకిళ్లు కూడా నిషేధమే. దారికి అడ్డం పడిన మానుని సైతం మామూలుగా చేతిరంపంతోనే కోస్తారు. ఆల్పైన్ లేక్స్‌కి ఆ రక్షణ 1976లో వచ్చింది. వేసవి శనివారం అక్కడి స్నో లేక్ ట్రైల్ మొదట్లో నిలబడితే కార్ల వరస రోడ్డు దాకా ఉంటుంది, తెలుగు మాటలూ వినపడతాయి. చెప్పులేసుకుని, చేతిలో అరలీటరు నీళ్ల సీసాతో ఏడు మైళ్ల నడకకి బయల్దేరే కుర్రాళ్లుంటారు. వాళ్లని ఆపి, పైన ఇంకా మంచు ఉందని, జాకెట్ కావాలని, దారి మొదట్లో ఉన్న పెట్టెలోని ఉచిత పర్మిట్ కాగితం నింపి వెళ్లమని చెప్పడం అంబాసిడర్ పని. ఫైన్ వేసే అధికారం లేదు, ఉన్నది మాట ఒక్కటే. పచ్చికలో అడ్డంగా నడుస్తున్నవాళ్లకి ‘రూల్ ఒప్పుకోదు’ అని చెప్పరు. ఇక్కడ మంచు కరిగి మొక్క పెరిగేది కొద్ది వారాలే, ఒకసారి తొక్కితే కోలుకోవడానికి ఏళ్లు పడుతుందని చెప్తారు. కారణం చెప్పి ఒప్పించడమే వాళ్లకిచ్చే శిక్షణ. అమెరికాలో ఏటా మన విద్యార్థులు జలపాతాల దగ్గర, సరస్సుల్లో ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు చదువుతూనే ఉన్నాం. ‘అన్నా, ఆ రాళ్లు జారతాయి, అక్కడ దిగకండి’ అని తెలుగులో చెప్పే పిల్ల అక్కడ ఉండటం ఎంత పెద్ద సంగతో ఆలోచించండి.

అప్లికేషన్ అంటారా, చాలా కాలేజీలకి ఒకేచోట దరఖాస్తు పెట్టే కామన్ యాప్‌లో 10 యాక్టివిటీలు, ఒక్కోదాని వివరణకి 150 అక్షరాలు. ‘ఇన్ని గంటలు’ అని రాస్తే చదివేవాళ్లకి గుర్తుండదు. వినని మనిషిని వినేలా చేసిన ఒక మధ్యాహ్నం గురించి రాస్తే గుర్తుంటుంది. కంప్యూటర్ సైన్స్‌కీ దీనికీ వైరం లేదు. 2022 సెప్టెంబరులో బోల్ట్ క్రీక్ కార్చిచ్చు పొగ మీ ఊరి దాకా వచ్చింది కదా, అలాంటి మంటల్నీ పొగనీ మ్యాపుల మీద లెక్కగట్టేది ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లే.

రేపు అమ్మాయి అడవి ఉద్యోగమే కావాలంటే ఏం చెయ్యాలి అని మీ లోపల భయం ఉన్నట్టుంది. నిజం చెప్తాను, అది తేలిక దారి కాదు. చాలామందికి మొదట్లో దొరికేవి సీజన్ ఉద్యోగాలు, జీతం తక్కువ. 2025 ఫిబ్రవరిలో ఫెడరల్ ప్రభుత్వ అడవుల శాఖ అయిన ఫారెస్ట్ సర్వీస్ వేలమంది ప్రొబేషన్ ఉద్యోగుల్ని ఒక్కసారిగా తీసేసింది. ఫెడరల్ ఉద్యోగాలకి దాదాపు అన్నిచోట్లా పౌరసత్వం ఉండాలి, మీ అమ్మాయికి ఆ చిక్కు లేదు. ఒక వేసవి వలంటీరింగ్‌తో జీవితం ఖాయమైపోదు. ఇష్టమో కాదో తెలుస్తుంది, ఆ తెలియడం ఇప్పుడు ఉచితం.

క్షేమం సంగతి. 18 నిండని వలంటీర్లకి తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి. వలంటీర్ ఒప్పందం ప్రకారం పనిలో ఉండగా దెబ్బ తగిలితే ఫెడరల్ ఉద్యోగికి ఉన్నట్టే వైద్యం ఖర్చుకి రక్షణ ఉంటుంది. కొన్ని కార్యక్రమాలు పెద్దవాళ్లనే తీసుకుంటాయి, కాబట్టి నార్త్ బెండ్‌లోని రేంజర్ ఆఫీసుకి ఫోన్ చేసి వయసు నిబంధన అడగండి. కాదంటే వాషింగ్టన్ ట్రైల్స్ అసోసియేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 14 నుంచి 18 ఏళ్ల వాళ్లతో ట్రైల్ బాగుచేసే వారం రోజుల క్యాంపులు నడుపుతుంది, అదీ మంచిదే. ఫోన్ సిగ్నల్ ఉండదు, ఎన్నింటికి తిరిగొస్తుందో ముందే మాట్లాడుకోండి. వీలైతే మొదటి శనివారం మీరూ వెళ్లి కాసేపు పక్కన నిలబడి వినండి. ఫీజుకి తీసిన డబ్బులో కొంత మంచి బూట్లకీ రెయిన్ జాకెట్‌కీ పెట్టి, ట్రైనింగ్ తేదీలు ఈ వారంలోనే కనుక్కోండి.