లోహం మందెలా అవుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తోంది. రుథేనియం అనే లోహంతో క్యాన్సర్ మీద పనిచేసే పదార్థాలు తయారు చేస్తున్నానంటుంది. మా మరిదికి కీమోలో ఎక్కిస్తున్న సిస్‌ప్లాటిన్‌లోనూ లోహమే ఉందట. లోహం మందెలా అవుతుంది? అలాగైతే ఊళ్లో ఒకాయన ఇస్తానంటున్న భస్మం కూడా వాడొచ్చా? – ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: ముందు భస్మం సంగతి చెబుతానమ్మా. వద్దు. సిస్‌ప్లాటిన్ కిడ్నీలను ఇబ్బంది పెట్టే మందు. అందుకే దానితోపాటు సెలైన్ బాగా ఎక్కిస్తారు. ఆ పొడిలో సీసమో పాదరసమో ఉంటే దెబ్బ మళ్లీ ఆ కిడ్నీలకే. ఇప్పటికే ఇచ్చి ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి.

లోహం మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది అది వేటితో ఎలా జతకట్టి ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. సిస్‌ప్లాటిన్‌లో ప్లాటినానికి రెండు అమోనియాలు, రెండు క్లోరిన్లు అంటుకుని ఉంటాయి. రక్తంలో క్లోరైడ్ (ఉప్పులో ఉండే క్లోరిన్ రూపం) ఎక్కువ కాబట్టి అక్కడ ఆ క్లోరిన్లు అంత తేలిగ్గా ఊడవు. కణం లోపల క్లోరైడ్ బాగా తక్కువ. అంతర్వేది సముద్రపు ఉప్పునీరు దాటి ఎగువ గోదావరి మంచినీటిలోకి వచ్చినట్టన్నమాట. అక్కడ క్లోరిన్లు ఊడి, ప్లాటినం డీఎన్‌ఏను పట్టుకుంటుంది. ఇక కణం విభజన సాగదు. సిస్‌ప్లాటిన్‌ను 1845లోనే తయారు చేసినా, కణ విభజనను ఆపుతుందని అమెరికా శాస్త్రవేత్త రోజెన్‌బర్గ్ 1965లో బాక్టీరియాలో గమనించేదాకా ఎవరికీ తెలియదు. 1978లో అమెరికాలో మందుగా అనుమతి వచ్చింది.

ఇక మీ అమ్మాయి పని. అమలాపురంలో ఏళ్ల తరబడి డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పినదాన్ని, ఈ భాగం రాయడం నాకు ఇష్టం. రుథేనియం క్లోరైడ్‌ను ఫెలాండ్రీన్ అనే నూనెతో కలిపి ఆల్కహాల్‌లో గంటల తరబడి రిఫ్లక్స్ చేస్తారు, అంటే ఆవిరి బయటికి పోకుండా చల్లబరిచి మళ్లీ అందులోకే దింపుతూ మరిగిస్తారు. చల్లారితే ఎర్రటి స్ఫటికాలు దిగుతాయి. ఈలోగా ఆ నూనె సైమీన్‌గా మారి, తన ఆరు కార్బన్లతో లోహాన్ని పట్టుకుంటుంది. మన వాము నూనెలోనూ సైమీన్ ఉంటుంది! లోహం నేరుగా కార్బన్‌తో ముడిపడితేనే ఆర్గానోమెటాలిక్ అంటాం. సిస్‌ప్లాటిన్ ఆ కోవలోకి రాదు. ఆ స్ఫటికాలకు పీటీఏ అనే ఫాస్ఫీన్‌ను (ఫాస్ఫరస్ ఉన్న పదార్థాన్ని) తగిలిస్తే రాప్టా-సి అనే రుథేనియం పదార్థం వస్తుంది. ల్యాబ్‌లో పెంచిన క్యాన్సర్ కణాలను అది పెద్దగా చంపలేదు. ఎలుకల్లో మాత్రం ఊపిరితిత్తులకు పాకిన గడ్డలను తగ్గించింది. అందుకే కణాల పరీక్షలో అంకె బాగోలేదని మీ అమ్మాయి దిగులుపడితే ఈ సంగతి గుర్తుచేయండి. దీనికి ఎదురు కథ టైటానియం లోహంతో చేసిన టైటనోసీన్ డైక్లోరైడ్‌ది. జంతువుల్లో ఆశ రేపి, మనుషుల ట్రయల్స్‌దాకా వెళ్లి ఆగిపోయింది.

రుథేనియం మందేదీ ఇంకా క్యాన్సర్ చికిత్సకు అనుమతి పొందలేదు. కొత్తదాని కోసం చూస్తూ మీ మరిదిగారి కోర్సు ఆపకండి. సిస్‌ప్లాటిన్ వినికిడినీ దెబ్బతీయొచ్చు. ఆయనకు చెవుల్లో గుయ్‌మన్నా, మాట సరిగా వినపడకపోయినా తర్వాతి డోసుకు ముందే డాక్టరుకు చెప్పాలి.