టీవీ వార్తలంటే పిల్లలు లేచి వెళ్లిపోతున్నారంటే...

"మా అబ్బాయికి పద్దెనిమిదేళ్లు. టీవీలో వార్తలు పెడితే చాలు, లేచి వెళ్లిపోతాడు. అన్నీ ఫోన్‌లోనే చూసుకుంటానంటాడు. ఇది బద్ధకం కాదా?" అని అడిగారు.

బద్ధకం కానే కాదండీ. నమ్మకం పోయింది. అది పోవడం మా ఇంట్లో కళ్లారా చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా అక్క కూతురు డిగ్రీ చదువుకుంటూ మా దగ్గరే ఉంటోంది. రెండేళ్ల కిందట వానాకాలంలో ఒక సాయంత్రం నాన్న టీవీ ముందు కూర్చున్నారు. వరదకు వంతెన కూలిపోతున్న వీడియో వస్తోంది. పట్టుమని పది సెకన్లు లేదు. చుట్టూ ఎర్ర గీత గీసి, వెనక దడదడలాడే మ్యూజిక్ పెట్టి, దాన్నే తిప్పి తిప్పి వేస్తున్నారు. వాళ్లు చెబుతున్న ఊళ్లోనే నాన్న స్నేహితుడు ఉంటారు. ఫోన్ చేస్తే కలవడం లేదు. టెన్షన్‌తో నాన్న చేతులు వణుకుతున్నాయి.

పిల్ల వచ్చి కాసేపు నిలబడి చూసింది. "తాతయ్యా, ఆ కారు రోడ్డుకి ఏ పక్కన వస్తోందో చూడు" అంది. కుడిపక్కన! అన్నిసార్లు చూశాం కానీ మాలో ఒక్కరికీ అది తట్టలేదు. టీవీ తెరనే ఫోన్‌తో ఫొటో తీసి గూగుల్ లెన్స్‌లో వెతికింది. ఎప్పుడో ఏడేళ్ల కిందట ఎవరో పెట్టిన వీడియో, అదీ వేరే దేశంలో వచ్చిన వరదది.

ఎనిమిదింటికే పడుకునే నాన్న ఆ రాత్రి పదింటి దాకా మేలుకున్నారు, పొరపాటైందని చెబుతారేమోనని. ఆ వీడియో వేయడం మానేశారు తప్ప పొరపాటైందన్న మాట మాత్రం రాలేదు. మర్నాడు స్నేహితుడు ఫోన్ ఎత్తారు. వాళ్ల వీధిలోకి నీళ్లే రాలేదట.

1980 జూన్ 1న అమెరికా టీవీ ఛానల్ సీఎన్‌ఎన్ 24 గంటల వార్తలు మొదలుపెట్టింది. తర్వాత అందరూ ఆ దారే పట్టారు. రోజంతా నింపాలంటే అన్ని వార్తలు ఎక్కడి నుంచి వస్తాయి? అందుకే పది సెకన్ల ముక్కను పూటంతా సాగదీస్తారు, లేదా ఎనిమిది మందిని కిటికీల్లో కూర్చోబెట్టి అరిపిస్తారు. కింద స్క్రోలింగ్ ఒక వార్త, పైన మాట ఇంకో వార్త. ఏదీ బుర్రకెక్కదు.

ఇది పిల్లలొక్కరి సంగతీ కాదు. అమెరికాలో సోషల్ మీడియా, వీడియో సైట్లలో వార్తలు తెలుసుకున్నవాళ్లు 54 శాతం, టీవీలో 50 శాతం అని, వార్తల అలవాట్ల మీద సర్వేలు చేసే రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ 2025 నివేదిక చెప్పింది. అక్కడ టీవీ వెనకబడటం అదే మొదటిసారి.

అలాగని ఫోన్‌ని వెనకేసుకు రావడం లేదు. థంబ్‌నెయిల్ మీద ఒకటి, లోపల ఇంకొకటి. నాకు అంతకంటే పెద్ద భయం వేరే ఉంది. అక్కడ ఏ వార్త ముందు రావాలో మన బొటనవేలే చెబుతోంది. ఎక్కడ ఆగితే అలాంటివే మళ్లీ వస్తాయి. మా పిల్ల ఒక హత్య కేసు మీద రెండు వీడియోలు చూసింది, ఇక వారమంతా హత్యలే. రాత్రుళ్లు లైటు ఆర్పనిచ్చేది కాదు. పాత అరగంట బులెటిన్‌లో యుద్ధం తర్వాత ఆటలు, ఆటల తర్వాత వాతావరణం వచ్చేవి. "ఇంతటితో వార్తలు సమాప్తం" అంటే నిజంగానే అయిపోయేవి. ఫోన్‌లో ఆ సమాప్తం లేదు. పైగా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే పిల్ల ఏం విని భయపడుతోందో పక్కనున్నా మనకు తెలియదు.

అందుకని మీ అబ్బాయిని టీవీ ముందుకి లాక్కురాకండి. మీరే అతని పక్కన కూర్చుని, ఎవరిని ఫాలో అవుతున్నాడో, వాళ్లను ఎందుకు నమ్ముతున్నాడో అడగండి. మా నాన్న ఇప్పుడు ఏ వీడియో వచ్చినా మనవరాలి ముందు పెట్టి "ఇది ఎప్పటిదమ్మా?" అంటారు. ఇద్దరూ కలిసి వెతుకుతారు. తేదీ దొరక్కపోతే దాన్ని ఎవరికీ పంపరు.