మిర్చి రేటు చూసి బిడ్డ చదువు నిర్ణయిస్తారా?

ప్రశ్న: సార్, మాది హుజూరాబాద్. ఎరువుల దుకాణం ఉంది. మా బిడ్డ వరంగల్‌లో ఈసీఈ మూడో సంవత్సరం. కాలేజీలో ఏదో సెమినార్ విన్నప్పటి నుంచి మెమ్స్‌లో ఎంటెక్ చేస్తానంటోంది. కంటికి కనపడని పొరలట, వాటి మీద సూది మొనలట, వందల కొద్దీ వరుసలట. మాకేమీ అర్థం కాలేదు. హైదరాబాద్‌లో ఆరు నెలల వీఎల్‌ఎస్‌ఐ కోర్సు చేస్తే ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు, ఫీజు లక్షన్నర. రెండింట్లో దేనికి స్కోప్ ఉంది?

జవాబు: అన్నా, మీ ఉత్తరాన్ని ఇక్కడ కుదించి వేశాను. అసలు దాంట్లో 'స్కోప్' అనే మాట ఐదుసార్లు ఉంది. బిడ్డకు ఏ సబ్జెక్టు బాగా వస్తుందో ఒక్కసారి కూడా లేదు. రెండు దారులనూ పోల్చి చెబుతాను గానీ, ముందు ఆ పొర సంగతి చూద్దాం. మీ భయమంతా ఆ తెలియని మాట దగ్గరే ఉంది. మెమ్స్ అంటే సిలికాన్ ముక్క మీద చెక్కే, కంటికి కనపడనంత చిన్న కదిలే యంత్రాలు.

మీ వంటింట్లో గ్యాస్ లైటర్ నొక్కితే టక్కున నిప్పురవ్వ వస్తుంది కదా. లోపల ఒక ముక్క మీద దెబ్బ పడి కరెంటు పుడుతుంది. 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టిన పియజో గుణం అదే. కరెంటు ఇస్తే ఆ పదార్థమే సాగుతుంది, ముడుచుకుంటుంది. మీ బిడ్డ చెప్పేది దీన్నే వెంట్రుక కన్నా చిన్న కొలతల్లో చేసే పని. సిలికాన్‌లో గుంట తొలిచి, దాని మీద డప్పు మూతలా పలుచని పొర నిలబెట్టి, పైన అల్యూమినియం నైట్రైడ్ లాంటి పూత వేస్తారు. వోల్టేజీ ఇస్తే పొర ఊగుతుంది, ఏదైనా తాకితే వోల్టేజీ పుడుతుంది. నడుమ మొన పెడితే దాంతో వస్తువును తడిమి చూడొచ్చు. 1986లో వచ్చిన అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ చేసేది ఈ తడమడమే, కానీ మామూలుగా ఒక్క మొనతోనే. అందుకే ఒక్కో బొమ్మకు నిమిషాలు పడుతుంది, అందుకే వరుసల ఆలోచన. మొన తీసేస్తే అవే పొరల వరుసతో అల్ట్రాసౌండ్ స్కానింగ్ ప్రోబ్ చేయొచ్చు.

వినడానికి తేలికే. పక్కపక్క పొరల బిగువులో కాస్త తేడా వచ్చినా ఒక్కో డప్పు ఒక్కో తీరుగా మోగుతుంది. మొనలు అరుగుతాయి. వందల పొరలకూ తీగలు తేవాలి. స్విట్జర్లాండ్‌లోని ఐబీఎం ల్యాబ్ వాళ్ళు వేరే పద్ధతిలో, వేడి చేసిన 1,024 మొనలతో డేటా దాచే యంత్రం చేసి చూపించారు. అది బజారుకు రాలేదు, ఫ్లాష్ మెమరీ చవకైపోయింది. కానీ ఆ వేడి మొన పనితనం వృథా పోలేదు. సన్నటి గీతలు చెక్కే పరికరాలు చేసే ఒక కంపెనీ తర్వాత అదే ల్యాబ్ విద్య నుంచి పుట్టింది. మీరు అడగాల్సింది ఈ వస్తువు అమ్ముడుపోతుందా అని కాదు, ఈ పనితనం ఎక్కడెక్కడ పనికొస్తుందని. అల్యూమినియం నైట్రైడ్ పొరలు ఫోన్లలోని సిగ్నల్ ఫిల్టర్లలోనూ ఉన్నాయి.

ఇక ఆ వీఎల్‌ఎస్‌ఐ, అంటే చిప్ డిజైన్ కోర్సు. దీని మీద నాకు అనుమానం ఉంది, దాచను. కేంద్రం 2021 డిసెంబర్‌లో సెమీకండక్టర్లకు 76,000 కోట్లు ప్రకటించిన తర్వాత ఏ గల్లీలో చూసినా ఈ బోర్డులే. చిప్ డిజైన్ ఉద్యోగాలు నిజమే, మన దేశంలో చిప్ పని ఎక్కువగా అదే. కానీ కంపెనీలు చూసేది బేసిక్స్, ఆరు నెలల సర్టిఫికెట్ కాదు. "గ్యారంటీ" అన్నవాళ్ళను ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి, ముఖం మారుతుంది. మీరు ఎరువులు అమ్మే మనిషి. పోయినేడు మిర్చికి రేటు వచ్చిందని ఈ ఏడు ఊరంతా మిర్చి పెడితే ఎనుమాముల మార్కెట్లో ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? మీ దుకాణానికి వచ్చే రైతుకు మీరే వద్దని చెబుతారు. ఇంటికెళ్ళి బిడ్డతో మాత్రం అదే పంట పెట్టిస్తారా?

మెమ్స్‌లో ఉద్యోగాలు తక్కువ, అది కూడా నిజం. గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్ పెట్టింది మెమరీ చిప్పుల అసెంబ్లీ, టెస్టింగ్. ఈ పొరలకూ దానికీ సంబంధం లేదు. పేపర్లో "సెమీకండక్టర్" అని చూసి అంతా ఒకటే అనుకోవద్దు. మెమ్స్‌లోకి వెళ్ళినవాళ్ళలో చాలామంది పీహెచ్‌డీ వైపు పోతారు, ఏళ్ళు పడుతుంది. క్లీన్‌రూమ్ అనే దుమ్ము లేని ల్యాబ్‌లో తల నుంచి కాలి దాకా తెల్ల డ్రెస్సు వేసుకుని వారాలు కష్టపడితే, చివర్లో పొర పగిలిపోవచ్చు. ఆ ఓపిక ఉందో లేదో మీ బిడ్డే చెప్పాలి.

అన్నా, ఈ మాటకు కోపం తెచ్చుకోవద్దు. మీ భయం స్కోప్ గురించి కాదు. ఇంకో రెండేళ్ళు చదివిస్తే పైసలు, తర్వాత పెళ్ళి, చుట్టాల మాటలు, అవి మీ భయాలు. అందులో తప్పేమీ లేదు, ప్రతి తండ్రికీ ఉండేవే. గేట్ పరీక్షతో ఎంటెక్ సీటు వస్తే నెలకు 12,400 స్టైపెండ్ ఉంటుంది. మీ మీద పడే భారం మీరు అనుకున్నంత కాదు. ఈసీఈ చదివిన పిల్లకు ఇంకో ధీమా ఉంది. ఆ పొరల నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ను పెద్దది చేసే సర్క్యూట్లు నేర్చుకుంటే, మెమ్స్ కుదరకపోయినా అనలాగ్ చిప్ డిజైన్‌కు అవే పునాది. అంటే మీరు భయపడ్డట్టు ఇవి విడిపోయే దారులు కావు.

ఆ లక్షన్నర ఇప్పుడే కట్టకండి. బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ బాంబే లాంటి చోట్ల బయటి కాలేజీల వాళ్ళకు నానో ఫ్యాబ్రికేషన్ ట్రైనింగ్ ఇచ్చే ఐఎన్‌యూపీ అనే కార్యక్రమం ఉంది. దానికి అప్లై చేయమనండి. అవకాశం వచ్చి క్లీన్‌రూమ్ కళ్ళారా చూస్తే మోజు అయితే దిగిపోతుంది, ఇష్టమైతే గట్టిపడుతుంది. ఈ లోపు అంత దూరం కూడా అక్కర్లేదు, ఎన్ఐటీ వరంగల్ మీకు గంట ప్రయాణం. అక్కడ ఎంటెక్ చేస్తున్న పిల్లలతో ఒక పూట మాట్లాడించండి. మీరు కూడా వెళ్ళండి, కానీ ప్రశ్నలు అడిగేది బిడ్డే కావాలి.

వచ్చే ఉత్తరం ఆమెనే రాయమనండి. సెమినార్‌లో గీసుకున్న నోట్సు ఉంటే ఆ పేజీ ఫొటో కూడా పెట్టమనండి.