చివరి పది శాతం

చిరంజీవి చిన్నికి మామయ్య ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి ఇద్దరు స్నేహితులతో కలిసి ఏవీ, అంటే ఆడియో-విజువల్ (మైకులు, స్పీకర్లు, తెరలు బిగించే) కంపెనీ పెడుతున్నావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోను చేసి చెప్పింది. చెప్పడం కాదు, గంటసేపు నన్ను దులిపేసింది. చిన్నప్పుడు నిన్ను మైకు సెట్టు పక్కన కూర్చోబెట్టుకుని చెడగొట్టింది నేనేనట. అందులో కొంత నిజం ఉంది కాబట్టి ఊరుకున్నాను. ఈ రంగంలోకి రావచ్చా అని నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం ఒక్క ముక్కలో చెప్పగలను: రావచ్చు. ఎలా రావాలన్నది రాసి పంపుతున్నాను, ఫోనులో అయితే మధ్యలో అడ్డుపడతావు.

ఈ వ్యాపారం పేరులోనే దాని కష్టం ఉంది. మా అకౌంటెంటు ప్రతి నెలాఖరుకూ నా గదిలోకి వచ్చి "డబ్బులేవీ?" అంటాడు. ముప్పై ఏళ్ళుగా నేనూ నా కస్టమర్లను అదే అడుగుతున్నాను.

కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను. పది లక్షల పని వచ్చిందనుకో. 18 శాతం జీఎస్టీ కలిపి బిల్లు పదకొండు లక్షల ఎనభై వేలు. ముప్పై శాతం అడ్వాన్సు, సరుకు దిగాక యాభై, బిగించి చూపించాక పది, మిగిలిన పది రిటెన్షన్ పేరుతో ఏడాది తర్వాత. కార్పొరేటు ఆర్డర్లలో నేను చూసినంతవరకు కాస్త అటూ ఇటూగా ఇదే వరస. సరుకు, కేబుళ్ళు, జీతాలు, ఆటో కిరాయిలు, ఒకసారితో అయిపోవలసిన పనికి నాలుగుసార్లు తిరగడం, ఇవన్నీ పోను లక్ష మిగిలితే మా ఆఫీసులో ఆ రోజు బిర్యానీ. ఆ లక్ష ఎక్కడ ఉంది? రిటెన్షన్‌లో ఉంది. మన లాభం మొత్తం ఏడాదిపాటు ఎదుటివాడి జేబులో కూర్చుంటుంది. జీఎస్టీ మాత్రం కూర్చోదు. బిల్లు కొట్టిన మరుసటి నెలలోనే కట్టాలి, డబ్బు నీ చేతికి వచ్చినా రాకపోయినా.

అందుకే చిన్నీ, ఈ పనిలో మొదటి తొంభై శాతం అందరూ చేస్తారు. తెర బిగించడం, స్పీకర్లు వేలాడదీయడం కోఠిలో ఎవరిని పిలిచినా చేస్తారు. ఆ చివరి పది శాతం పని బాగా చేసినవాడికే ఆ చివరి పది శాతం డబ్బు వస్తుంది. నేను దీన్ని నా సొంత డబ్బుతో నేర్చుకున్నాను.

2012లో బంజారాహిల్స్‌లో ఒక బోర్డు రూము పని. బల్ల దగ్గరి నుంచి ప్రొజెక్టరు దాకా పద్దెనిమిది మీటర్లు. అప్పటికే హెచ్‌డీబేస్‌టీ అనే పద్ధతి వచ్చింది, మామూలు నెట్‌వర్కు కేబులు మీద వంద మీటర్ల దాకా బొమ్మను పంపవచ్చు. కానీ దానికి రెండు కొసల్లో పెట్టే పెట్టెల జత ఖరీదు చూసి కక్కుర్తి పడ్డాను. గోడలో పొడవాటి హెచ్‌డీఎంఐ కేబులు లాగించాను. మా ల్యాప్‌టాప్ పెట్టి చూశాం, బొమ్మ వచ్చింది. ఆ మర్నాడే గోడకు ఇటాలియన్ పాలరాయి అతికించారు. ప్రారంభం రోజున చైర్మన్ గారు తన ల్యాప్‌టాప్ పెట్టారు. బొమ్మ వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. తెర నల్లబడిన ప్రతిసారీ ఆ గదిలోని పద్నాలుగు తలలూ ఒక్కసారిగా నా వైపు తిరిగాయి. కొత్త కేబులు లాగుదామంటే పైపు మలుపులో పాత కేబులు మూతి ఇరుక్కుపోయింది. చివరికి పాలరాయి కోయవలసి వచ్చింది. ఆ రాతి ఖర్చు నాదే. ఆ పనిలో ఎంత మిగిలిందో మీ అత్తయ్యకు కూడా చెప్పలేదు.

ఆ రోజు నుంచి మూసేసే ప్రతి పైపులోనూ రెండు నెట్‌వర్కు కేబుళ్ళు అదనంగా వేయిస్తున్నాను, ఒక నైలాన్ తాడు లాగి వదిలేస్తున్నాను. తాడు ఖరీదు ఎంత, యాభై రూపాయలు. నీ మనుషులు నవ్వినా సరే, నువ్వూ పైపులో తాడు ఉంచు, రేపు కొత్త కేబులు లాగడానికి. ప్రతి కేబులుకూ రెండు కొసల్లోనూ పేరు అతికించు. మూసేయబోయే ప్రతి గోడనూ, ఫాల్స్ సీలింగునూ ముందు ఫోటో తీసి దాచు. ఇంటీరియర్ వాళ్ళకు మనం సీలింగు మూసేశాకే గుర్తొస్తాం. అందుకని నక్షా గీసే రోజునే వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చో, పిలవకపోయినా.

మన ఫంక్షన్ హాళ్ళ సంగతి వేరే చెప్పాలి. నేల గ్రానైటు, గోడలు అద్దం, పైకప్పు పీఓపీ. అందులో ఎంత ఖరీదైన స్పీకరు పెట్టినా పురోహితుడి మంత్రం పప్పులో నీళ్ళలా కలిసిపోతుంది. అక్కడ యజమాని "ఇంకో నాలుగు బాక్సులు పెట్టండి" అంటాడు. పెట్టకు. హాల్లోకి అడుగుపెట్టగానే నడుమ నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టు, అది ఎంతసేపు తిరిగి తిరిగి చస్తుందో విను. రెండు సెకన్లు దాటిందంటే నువ్వు అమ్మవలసింది స్పీకర్లు కాదు, పరదాలూ గోడల మీద మెత్తలూ. మాట స్పష్టతకు సున్నా నుంచి ఒకటి దాకా ఎస్‌టీఐ అనే కొలత ఉంది. మీటరు కొనుక్కుని ఆ అంకె కాగితం మీద రాసి యజమాని చేతికి ఇవ్వు. అంకె చూపిస్తే మనిషి మాట వింటాడు, వట్టినే చెబితే మనం బేరం పెంచుతున్నామనుకుంటాడు. బహిరంగ ప్రదేశాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకరు కూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఆ సంగతి కూడా అప్పుడే చెవిలో వెయ్యి. తర్వాత పోలీసులు వస్తే నీ పేరు చెబుతారు.

తెరల విషయంలోనూ ఇలాంటి మోజే ఉంది. ఇప్పుడు ప్రొజెక్టరు పోయి ఎల్‌ఈడీ గోడ వచ్చింది, అందరికీ చుక్కలు దగ్గర దగ్గరగా ఉన్నదే కావాలి. మోటు లెక్క ఒకటి గుర్తుంచుకో: చుక్కల మధ్య దూరం ఎన్ని మిల్లీమీటర్లో, చూసేవాడు కనీసం అన్ని మీటర్ల దూరంలో ఉండాలి. మొదటి వరస పది మీటర్ల అవతల ఉన్న హాలుకు పీ1.2 (అంటే చుక్కల మధ్య 1.2 మిల్లీమీటర్లు) అడిగే కస్టమరుకు పీ4 చాలని చెప్పడానికి ధైర్యం కావాలి, బిల్లు తగ్గుతుంది కదా. అయినా చెప్పు, అతనే మరో ముగ్గురిని పంపుతాడు. ఇంకొకటి, తెరను కూర్చే ముక్కలు, అదే మాడ్యూళ్ళు, కొనేటప్పుడే అదే బ్యాచ్‌లోవి కొన్ని అదనంగా తీసుకుని కస్టమరు స్టోరులో పెట్టించు. ఏడాది తర్వాత కొత్త బ్యాచ్ తెచ్చి అతికిస్తే తెల్లటి తెర మీద పాత పంచెకు మాసిక వేసినట్టు కనబడుతుంది.

నీకు నా కంటే బాగా తెలిసింది నెట్‌వర్కు. అదే ఇప్పుడు మన రంగానికి ప్రాణం. మా రోజుల్లో స్టేజీ నుంచి మిక్సరు దాకా చెయ్యంత లావు కేబులు చుట్ట మోసేవాళ్ళం. ఇప్పుడు సిడ్నీ కంపెనీ ఆడినేట్ వాళ్ళ డాంటే లాంటి పద్ధతుల్లో ఒక్క సన్నటి నెట్‌వర్కు కేబులు మీద వందల ఛానళ్ళ శబ్దం నడుస్తోంది. దీనివల్ల ఒక చిక్కు వచ్చింది. మునుపు మన కస్టమరు అడ్మిన్ మేనేజరు, ఇప్పుడు ఐటీ విభాగం. వాళ్ళకు మన పెట్టె ఎంత బాగా పలుకుతుందన్నది పట్టదు, తమ నెట్‌వర్కులో అది ఏ తలుపు తెరుస్తుందన్నదే భయం. ఆ భయం న్యాయమైనదే. డబ్బాతో వచ్చిన పాస్‌వర్డు మార్చకుండా వదిలేసిన పరికరాలు నేను లెక్కలేనన్ని చూశాను. నువ్వు మొదటి సమావేశానికే ఏ పెట్టె ఏ పోర్టు వాడుతుందో, మల్టీకాస్ట్ (ఒకేసారి చాలా పెట్టెలకు వెళ్ళే డేటా) ఎలా అదుపులో పెడతావో రాసుకుని వెళ్ళు. మా తరం వాళ్ళు ఆ ప్రశ్న దగ్గరే నీళ్ళు నమిలారు.

గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు విదేశీ కంపెనీల కేంద్రాలు వస్తూనే ఉన్నాయి, ఒక్కో అంతస్తులో పాతిక మీటింగు గదులు. నీ కన్ను దాని మీదే అని తెలుసు. అక్కడ ఏ గదిలో ఏ మోడలు పెట్టాలో అమెరికాలో నిర్ణయమైపోతుంది. మనకు మిగిలేది బిగింపు, చాలాసార్లు మరొకరి కింద సబ్ కాంట్రాక్టు. పైగా ఆ మోడలు ధర ఇంటర్నెట్టులో కనబడుతుంది, నీ కొటేషను పక్కన ఫోను పెట్టి అడుగుతారు. కోపం తెచ్చుకోకు. "పెట్టె మీరే కొనండి, గది నేను పలికిస్తాను" అని పని కూలి విడిగా రాసి ఇవ్వు. పెట్టె మీద మార్జిను ఏటేటా సన్నబడుతోంది, డిజైనుకూ ప్రోగ్రామింగుకూ ఏఎంసీకీ (ఏటా నిర్వహణ ఒప్పందానికీ) వచ్చే డబ్బు ఇంకా మన చేతిలోనే ఉంది. రాత్రి తొమ్మిదింటికి అవతలి వాళ్ళకు తెల్లారాక టెస్టు కాల్ ఉంటుంది. దానికి నువ్వే కూర్చో, కుర్రాడిని పంపకు.

సరుకు సంగతి. 2020 అక్టోబరులో జపాన్‌లోని నోబెయోకాలో అసాహి కాసే వారి చిప్పుల ఫ్యాక్టరీ తగలబడింది. ఆ పేరు అంతకు ముందు నేను విని ఉండలేదు. ప్రపంచంలో ఎన్నో ఆడియో పరికరాల్లో శబ్దాన్ని అంకెలుగా మార్చే చిప్పు అక్కడి నుంచే వస్తోందని తర్వాత తెలిసింది. దాని పైన కోవిడ్, చిప్పుల కరువు. నేను అప్పటికి ఒక ఆడిటోరియం పని స్థిర ధరకు, ఆలస్యమైతే జరిమానా కడతానని సంతకం పెట్టి ఉన్నాను. ప్రాసెసరు కోసం నెలల తరబడి ఎదురుచూశాను, ఇక్కడ జరిమానా మీటరు తిరుగుతూనే ఉంది. ఇప్పుడు నా ప్రతి కొటేషను కింద మూడు వాక్యాలు ఉంటాయి: ఈ ధర పదిహేను రోజులే, డాలరు ఇంత దాటితే మారుతుంది, మోడలు దొరకకపోతే సమానమైనది ఇస్తాం. ఆ కాగితం నీకు పంపిస్తాను, అలాగే దించుకో.

వసూళ్ళ గురించి చట్టం మన వైపు కొంత ఉంది. ఉద్యమ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం అంటుంది, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్నులోనూ మెలిక పెట్టారు. గడువులోగా కట్టకపోతే ఆ మొత్తం కస్టమరుకు, నిజంగా కట్టిన ఏడాదిలోనే ఖర్చు కింద లెక్కకు వస్తుంది. దీంతో మార్చి నెలలో మన ఫోన్లు ఎత్తడం మొదలుపెట్టారు. అయితే కేవలం కొని అమ్మేవాళ్ళకు ఈ రక్షణ లేదు. నమోదులో నీ పని సేవ అని సరిగ్గా రాయించుకో, ఆడిటరును అడిగి. బాకీ మీద ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు అన్నది మళ్ళీ ఆ కస్టమరు గడప తొక్కనని తేల్చుకున్నాకే.

మీ స్నేహితుడు ప్రభుత్వ టెండర్లంటున్నాడట. బడుల్లో స్మార్టు బోర్డులు, కలెక్టరేట్లలో వీడియో కాన్ఫరెన్సు గదులు, పని చాలానే ఉంది. కానీ తక్కువ ధరవాడిదే ఆర్డరు, డబ్బు వచ్చే రోజు బడ్జెట్టు చెప్పాలి. ఆరు నెలల జీతాలు బ్యాంకులో లేనిదే ఆ వైపు చూడకు. రెండేళ్ళు ఆగమను.

మనుషుల గురించి ఒక్కటే. పైన వేలాడదీసే ప్రతిదానికీ దాని బరువుకు ఐదు రెట్లు మోసే బిగింపు, ఎక్కేవాడికి బెల్టు. దీంట్లో బేరం లేదు.

ఇక ఆ చివరి రోజు. అవిక్సా అని మన రంగం వాళ్ళ అంతర్జాతీయ సంఘం ఉంది, 2017 దాకా దాని పేరు ఇన్ఫోకామ్ ఇంటర్నేషనల్. వాళ్ళు పెట్టే సీటీఎస్ అనే సర్టిఫికెట్ పరీక్ష నువ్వు రాయి, అది తర్వాత. వాళ్ళదే 2013 నాటి ప్రమాణం ఒకటి ఉంది, అప్పగించే ముందు సరిచూడవలసిన అంశాల పట్టిక. అందులోంచి నీ గదికి పనికొచ్చేవి ఏరి, అడ్వాన్సు తీసుకునే రోజునే ఆర్డరుకు జతచెయ్యి. "ఇవి పాసైతే పని అయినట్టు" అని ఇద్దరూ సంతకాలు పెట్టండి. లేదంటే ఏడాది తర్వాత రిటెన్షన్ అడగడానికి వెళ్ళినప్పుడు, పాత మేనేజరు వెళ్ళిపోయి ఉంటాడు, కొత్తాయన "మూలన ఆ స్పీకరు కొంచెం తక్కువగా వినిపిస్తోందండీ" అంటాడు. ఎంత తక్కువ అని అడిగితే చెప్పలేడు, చెక్కు మాత్రం ఆగిపోతుంది. నా టేబులు సొరుగులో అలా ఆగిన బిల్లులు ఇప్పటికీ ఉన్నాయి. ఒకదాని మీద 2009 అని ఉంది.

శనివారం పొద్దున పదకొండుకల్లా కోఠిలో గుజరాతీ గల్లీ మొదట్లో నిలబడు. నాకు అరువు ఇచ్చేవాళ్ళకు నిన్ను చూపిస్తాను, టీ తాగుదాం. నా కేబులు టెస్టరు తెస్తాను, బ్యాటరీ మార్పించాను. ఎడమ వైపు బటన్ కాస్త గట్టిగా నొక్కాలి.

మీ అమ్మతో నేను మాట్లాడతాను.

నీ
మామయ్య