అంత పెద్ద లోకంలో నేనెవరో దేవుడికి తెలుసా?

ప్రశ్న: మాది కోనసీమ. వయసు 38. ఆరేళ్లుగా కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తున్నాను. నా పేరు నోరు తిరగడం లేదని వచ్చిన రోజే వేరే పేరు పెట్టారు. కొట్టరు, జీతం ఇస్తారు. పాస్‌పోర్టు మాత్రం మేడమ్ దగ్గరే ఉంది. ఇదివరకు శుక్రవారం తెలుగు ఆరాధనకు పంపేవారు, ఇప్పుడు సెలవే ఇవ్వడం లేదు. ఇంటి నుంచి ఫోన్ వచ్చిందంటే డబ్బు కోసమే. ఇంటర్ చదివే మా అమ్మాయి ‘పంపావా అమ్మా?’ అని అడిగి పెట్టేస్తుంది. దేవుడు లోకాన్ని ప్రేమించాడని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అంత లోకంలో నేనొకదాన్ని ఉన్నానని ఆయనకు తెలుసా? రాత్రి ప్రార్థన చేస్తుంటే ఖాళీ గదిలో నాలో నేనే మాట్లాడుకున్నట్టుంది. నా విశ్వాసం పోయిందా?

జవాబు: పోలేదమ్మా. 88వ కీర్తన ఒకసారి తీయండి. రాత్రింబవళ్లు మొరపెట్టిన మనిషి, చివరికి చీకటే తనకు చుట్టమైందని చెప్పి ఆపేశాడు. ఆ కీర్తనను బైబిల్లోంచి ఎవరూ తీసెయ్యలేదు, చివర ఓదార్పు మాట అతికించనూ లేదు. అదీ ప్రార్థనే. మీరు రాత్రిపూట చేస్తున్నదీ ప్రార్థనే.

మీ ఉత్తరం చదువుతున్నంతసేపూ నాకు బైబిల్లోని హాగరే గుర్తొచ్చింది. ఆమె ఐగుప్తు మనిషి, పరాయి ఇంట్లో దాసి. ఆదికాండం 16వ అధ్యాయం నెమ్మదిగా చదవండి. ఆ ఇంటి యజమానురాలు శారయి ‘నా దాసి’ అంటుంది, ఆమె భర్త అబ్రాము ‘నీ దాసి’ అంటాడు. ఇద్దరి నోటా ఆమె పేరు ఒక్కసారి కూడా రాదు. ఆమె ఒంటి గురించి, ఆమె కనబోయే బిడ్డ గురించి నిర్ణయాలు మాత్రం వాళ్లే చేసేశారు. బాధ పడలేక ఆమె గర్భంతోనే ఎడారిలోకి పారిపోయింది. షూరు దారిలో నీటి ఊట దగ్గర దేవుని దూత ఆమెను చూసి ‘హాగరూ’ అన్నాడు. ఆ కథలో ఆమెను పేరు పెట్టి పిలిచిన మొదటి గొంతు అదే. పిలిచి, ఎక్కడి నుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడిగాడు. తెలియక అడగలేదు. ఆమె కష్టం ఆమె నోటే వినాలని అడిగాడని నేను నమ్ముతాను. అప్పుడామె ‘చూచుచున్న దేవుడవు నీవే’ అంది. ఆ మాట అన్నది అబ్రాము కాదు, ఆ ఇంటి పనిమనిషి.

ఒకటి దాచను. దూత ఆమెను తిరిగి వెళ్లమన్నాడు. ఆ వచనం చూపించి ఎంత బాధనైనా ఓర్చుకోమని ఆడవాళ్లకు చెప్పేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఎడారిలో ఉన్న ఒక గర్భిణికి, ఆమె సంతానం గురించి వాగ్దానంతో కలిపి, ఆ పూట చెప్పిన మాట అది. 21వ అధ్యాయంలో ఆమెను, పిల్లవాడిని ఆ ఇంటి నుంచి పంపేశారు, ఆ ఇంటి బానిసత్వం అక్కడితో తీరింది. తిత్తిలో నీళ్లయిపోయి ఏడుస్తున్నప్పుడు దేవుడు పిల్లవాడి మొర విని, ఆమెకు బావి చూపించాడు.

ఇక లోకం సంగతి. మత్తయి సువార్తలో కాసుకు రెండు పిచ్చుకలు అమ్ముతారని ఉంది. లూకా సువార్తలో రెండు కాసులకు అయిదు. లెక్క ప్రకారం నాలుగే రావాలి, అయిదోది కొసరు. వాటిలో ఒక్కటి కూడా దేవుడికి మరుపు రాదని యేసు అన్నాడు. కొసరుగా ఇచ్చేసిన పిచ్చుకను కూడా లెక్కలో ఉంచుకునే ప్రేమ, మందను మొత్తంగా చూసి ఊరుకునేది కాదు. రాత్రి ప్రార్థనలో మీ అసలు పేరు పైకి పలకండి, ‘ప్రభువా, నేను ఫలానా’ అని. మేడమ్ పెట్టిన పేరు ఆ గదిలోకి రానివ్వకండి. ఏ ఓదార్పూ అనిపించని రోజుల్లో కూడా చేయండి.

దేవుడు ప్రేమిస్తున్నాడు కాబట్టి సర్దుకుపొమ్మని మాత్రం నేను రాయను. ఇంటి పనివారి కోసం కువైట్ 2015లో తెచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం వారానికో రోజు సెలవు మీ హక్కు. మీ పాస్‌పోర్టు యజమాని తన దగ్గర పెట్టుకోకూడదు. ముందు మేడమ్‌నే మెల్లగా అడగండి. కాదంటే భారత రాయబార కార్యాలయానికి తెలియజేయండి. ప్రాణం మీదికి వస్తే తప్ప ఎవరికీ చెప్పకుండా ఇల్లు దాటి వెళ్లొద్దు, పారిపోయారని ఫిర్యాదు చేసే ప్రమాదం ఉంది. సెలవు దొరికేదాకా, సంఘంలో మీకు తెలిసిన సహోదరి ఎవరినైనా శుక్రవారం ఫోన్‌లో కలిసి ప్రార్థన చేయమని అడగండి. నిద్ర, తిండి తగ్గిపోయినా, బతకాలనిపించకపోయినా ఆమెకు ఆ రోజే చెప్పండి, డాక్టరుకు చూపించుకోండి.

మీ అమ్మాయి మీద మనసు కష్టపెట్టుకోకండి. మీరు విమానం ఎక్కేనాటికి చిన్నపిల్ల. ఆ తర్వాత తనకు తెలిసిన అమ్మంటే ఫోన్లో గొంతు, నెలనెలా డబ్బు. ఎలా ఉన్నావంటే ‘బాగున్నాను’ అని మీరూ మాట తుంచేసి ఉంటారు. భర్తతో సూటిగా చెప్పండి, వారంలో ఒక ఫోన్ డబ్బు మాట లేకుండా మాట్లాడుకుందామని. అమ్మాయికి జీతం పంపే రోజు కాకుండా వేరే రోజు చేయండి. మీ పేరు మార్చేశారన్న సంగతి కూడా చెప్పండి, ఆ వయసు పిల్లకు అర్థమవుతుంది. తన స్నేహితురాళ్ల పేర్లు అడగండి. మొదట్లో విసుక్కుని రెండు నిమిషాలకే పెట్టేస్తుందేమో. పై వారం మళ్లీ చేయండి.